అద్దంలో షమీమ్ ఆపా

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కర్నూలులో ఉన్న రోజుల్లో ఆదివారం పొద్దున్నే కెమెరా మెడలో వేసుకుని నేను వెళ్లింది ఫోటోలు నేర్చుకోవడానికి కాదు. కాసేపు ఒక మనిషి నాతో మాట్లాడుతుందని వెళ్లాను. హాస్టల్లో అమ్మాయిలకు కోర్సు అని చెప్పాను. బద్వేలులో ఉన్న అమ్మకు ఆఫీసు పని అని చెప్పాను. డైరీలో కూడా 'ఫోటోగ్రఫీ క్లాసు' అనే రాసుకున్నాను. నేను తప్ప ఎవరూ చదవని చోట కూడా ఆ సంగతి రాయడానికి సిగ్గేసింది.

ఇప్పుడు రాయడానికి కారణం ఒక వాసన. బదిలీ మీద కడప వచ్చాక నాతో గది పంచుకుంటున్న అమ్మాయి, తమ్ముడి పెళ్లికి ఏ చీర కట్టుకోవాలో తేలక, మొన్న ఊరి నుంచి తెచ్చుకున్న పాత పెట్టె తెరిచింది. చీరల అడుగున వాళ్లమ్మ పెళ్లి ఆల్బం ఉంది. దాన్ని తీసి మంచం మీద పడేసి మళ్లీ చీరల్లో పడిపోయింది. కలరా ఉండలు, ఎండిపోయిన జిగురు, పేజీకీ పేజీకీ మధ్య వేసే పల్చటి తెల్ల కాగితం, అన్నీ కలిసిన వాసన గది నిండా వచ్చింది. నేను చేతిలో పుస్తకం మూసేసి కూర్చున్నాను. "ఏంది, అంత ఘాటుగా ఉందా?" అని అడిగింది ఆ అమ్మాయి. లేదన్నాను. కర్నూలు పాతూరులో ఒక సందు, ఆకుపచ్చ తలుపు, దాని ముందున్న నల్లటి కడప బండ మెట్టు, ఆ మెట్టు ఎక్కడానికి నాకు పట్టిన కాలం, అన్నీ ఆ వాసనతో పాటు వచ్చేశాయి. అన్నిటికంటే ముందు షమీమ్ ఆపా వచ్చింది.

మాది బద్వేలులో కిరాణా అంగడి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే నేను బియ్యం మూటల వెనక చేరేదాన్ని. అక్కడ కూర్చుంటే అంగడికి వచ్చేవాళ్ల గొంతులు వినబడతాయి, వాళ్లకు మాత్రం నేను కనబడను. పుస్తకం ఒళ్లో పెట్టుకుని వాళ్ల మాటలు వింటూ చదువుకునేదాన్ని. "అంగడోని బిడ్డవి, నోట్లో నాలిక ల్యాకపోతే ఎట్లమ్మా" అని నాన్న అనేవాడు. డిగ్రీ అయ్యాక కర్నూలులో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. రోజంతా కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే పని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నాకోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను. కొన్ని నెలలు గడిచాక ఒక శనివారం సాయంత్రం, ఆ రోజు నా నోటి నుంచి ఒక్క మాట కూడా రాలేదని గమనించాను. బస్సులో కూడా కండక్టరుకు వేలు చూపించి టికెట్టు తీసుకున్నాను. ఆ వారమే జిరాక్స్ అంగడి గాజు తలుపు మీద చేత్తో రాసిన ఒక కాగితం కనబడింది. 'ఫోటో నడక. ఆడవాళ్లకు మాత్రమే. ఒకసారికి ఒక్కరే. కెమెరా మీది, దారి మాది.' కింద ఫోన్ నంబరు ఉంది. ఫోన్ చేసే ధైర్యం లేక మెసేజ్ పెట్టాను. దానికి జవాబు, 'బూట్లు ఏసుకోని రా' అని.

కొండారెడ్డి బురుజు దగ్గర ఎండ ఇంకా రాతి గోడల నడుం దాకా కూడా దిగని వేళకు చేరుకున్నాను. నల్ల బురఖా వేసుకుని, మొహం మీద ముసుగు వెనక్కి తోసి, చేతిలో మడిచిన గొడుగుతో ఒకామె నిలబడి ఉంది. అరవై దగ్గర పడిన మనిషి. కాళ్లకు బడిపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు.

"బద్వేలు పిల్లవి నువ్వేనా?"

"అవును మేడం."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఎవుర్ని పిలుస్తాండావు? నా ఎనక ఎవురూ ల్యారే. ఆపా అను, అంటే అక్క అని. మేడం అంటే నాకి బడిలో తిన్న దెబ్బలు గుర్తొస్తాయి."

ఆమె మెడలో కెమెరా లేదు. అడుగుదామనుకుని ఊరుకున్నాను. పాతూరులోకి నడిచాం. సందు మొదట్లో ఒకామె బండి మీద బొరుగుల ఉగ్గాని కలుపుతోంది, పక్కన నూనెలో మిరపకాయ బజ్జీలు పొంగుతున్నాయి. ఆవిరిలో ఆమె మొహం చాలా బాగుంది. నేను ఈ పక్క గోడ చాటున నిలబడి కెమెరా ఎత్తాను. ఎదురుగా అంతా నల్లగా అయిపోయింది. చూస్తే షమీమ్ ఆపా అరచెయ్యి లెన్సు మీద ఉంది.

"ఏమ్మా, ఆమె కోతా, కొండముచ్చా, దూరం నుంచి తీసేదానికి?"

నేను కెమెరా దించాను.

"పోయి ఆమె ఎదురుగ్గా నిలబడు. ఎండ నీ మొగం మీద పడేట్ల నిలబడు. ముందు ఆమె నిన్ను చూడల్ల. నీ పేరేంది, ఊరేంది చెప్పు. అప్పుడు అడుగు. ఒప్పుకుంటే తీయి, ల్యాకుంటే బజ్జీలు తినేసి రా."

ఫోటోగ్రఫీ గురించి నేను అప్పటికే రెండు మూడు పుస్తకాలు చదివి వచ్చాను. ఎండ తీసేవాళ్ల వీపు మీద ఉండాలని వాటిలో ఉంది. ఆ మాటే అన్నాను. ఆ వారంలో నేను బయటికి పలికిన మొదటి పూర్తి వాక్యం అదేనేమో.

"పుస్తకంలో ఉండేది ఫోటో తీసేదానికి," అంది ఆపా. "నేను చెప్పేది అడిగేదానికి. ఒప్పుకున్నాంక యాపక్క తిరగమన్నా తిరుగుతారు. మన మొగం చీకట్లో పెట్టుకోని వాండ్ల మొగం అడిగితే ఎవురిస్తారు?"

నేను వెళ్లి బండి ముందు నిలబడ్డాను. ఎండ కళ్లలో గుచ్చుకుంది. బజ్జీలు తిని తిరిగొచ్చాను. కెమెరా ఎత్తను కూడా లేదు.

"బజ్జీలన్నా నోరు తెరిచి అడిగినావా?"

"చెయ్యి చూపించానండీ."

షమీమ్ ఆపా గొడుగు ఆనించుకుని చాలాసేపు నవ్వింది. నన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు ఏడుపొస్తుంది. ఆ రోజు రాలేదు. ఆమెతో పాటు నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఆదివారాలు అట్లాగే గడిచాయి. ఆపా నడిపించే దారిలో చూడదగ్గవేమీ ఉండేవి కావు. తుంగభద్ర ఒడ్డున బట్టలుతికే బండలు, మసీదు వెనక పూలంగళ్లు, మూతపడిన సినిమా హాలు మెట్లు. కొన్నిచోట్ల ఉన్నట్టుండి ఆగిపోయేది. "ఈ అరుగు మీద అయిదుగురు అక్కచెల్లెండ్లని కూచోబెట్టి తీసినా. ఆ చివరామె కోపంగా ఉండాది, ఆమె చెప్పులు ఎవురో ఏసుకోని పోయినారని. ఆ కోపమే శానా బాగొచ్చె." నేను ఖాళీ అరుగు వైపు చూసేదాన్ని. కొంతసేపటికి నిజంగానే ఆ అయిదుగురు కనబడేవారు, చివరామె ముక్కుపుటాలతో సహా. ఆ ఫోటోలు ఎప్పుడైనా చూపించండి ఆపా, అని అడిగాను ఒకరోజు. అప్పటికి ఆమెను అడగడం మాత్రం వచ్చేసింది.

"నా దగ్గర యాడుండాయి?" అంది.

అప్పుడు మేం ఒక సెల్‌ఫోన్ల అంగడి ముందున్నాం. ఒకప్పుడు అదే వాళ్ల స్టూడియో. భర్త పెట్టుకున్నది. ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చునే వైపుకి మగ ఫోటోగ్రాఫర్ వెళ్లడానికి లేదు. అందుకని ఆయన భార్యకు కెమెరా నేర్పాడు. ఆయన పోయాక కూడా ఆమె చాలా ఏళ్లు నడిపింది. ఆ పనికి ఆమె పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. ఫోటోలు కడిగి ఇచ్చేటప్పుడు నెగెటివులు కూడా పెళ్లికూతురి తల్లి చేతిలో పెట్టేసేది. ఒక్కటి కూడా స్టూడియోలో ఉంచుకునేది కాదు. ముసుగు లేని ఆడపిల్లల మొహాలవి, ఇంకో మగవాడి కంట పడవని నమ్మకం కుదిరితేనే తల్లులు ఆమెను లోపలికి రానిచ్చేవాళ్లు. ఆమె జీవితమంతా తీసిన బొమ్మలు ఊరందరి బీరువాల్లో ఉన్నాయి. ఆమె ఇంట్లో ఒక్కటి లేదు.

"మళ్లీ చూడాలనిపించదా?"

"ఇచ్చినాంక అది వాండ్ల ఇంటి బిడ్డ. చూడల్ల, చూపియ్యండి అని పోతే మర్యాదగా ఉండదు. అయినా నాకి అన్నీ గుర్తుండాయి గదా. ఏమి కావల్ల చెప్పు, ఇప్పుడే చూపిస్తా."

ఒక్క ఫోటో విషయంలో మాత్రం ఆమె అంత ధీమాగా ఉండేది కాదు. మా దారిలో ఒక సందులో ఆకుపచ్చ తలుపు ఇల్లుండేది. దాన్ని దాటేటప్పుడు ఆపా మాట ఆపి, గొడుగు ఆ పక్కకు వంచుకుని గబగబా నడిచేది. కొన్ని వారాలు చూశాక, ఆ ఇంట్లో వాళ్లతో తగాదానా అని అడిగాను. నవ్వేసి, టీ తాగుతూ చెప్పింది.

కెమెరా పట్టిన కొత్తలో తీసిన పెళ్లి అది. పెళ్లికూతురి పేరు రజియా. జల్వా అని ఒక వేడుక ఉంటుంది. కొత్త దంపతులను ఒక దుప్పట్టా కింద కూర్చోబెట్టి, మధ్యన అద్దం పెడతారు. వాళ్లు ఒకరి మొహం ఒకరు మొదటిసారి ఆ అద్దంలో చూసుకుంటారు. ఆ క్షణం మళ్లీ రాదు, సరిగ్గా తీయమని అందరూ చెప్పి పంపారు. ఆపా వంగి, ఊపిరి బిగబట్టి, అద్దం వైపు గురిపెట్టి తీసింది. కడిగి చూస్తే అద్దంలో పెళ్లికొడుకు లేడు. కెమెరా పట్టుకున్న షమీమ్ ఉంది.

"సంగతి విని మా ఆయన తల పట్టుకుండె. రజియా వాండ్లమ్మ ఫోటోలు చూస్తా చూస్తా దాని దగ్గరికొచ్చి, ఇదేంది, పెండ్లికొడుకు యాడికి పాయ, ఈ దయ్యమెవురు అనె. చింపి పారేయి దీన్ని, అని కూతురికి చెప్పె. నా ముందరే." ఆపా నవ్వుతూనే చెప్పింది. గ్లాసు కింద పెట్టేటప్పుడు మాత్రం, "ఆ వయసులో నేనెట్లుంటినో నాకి తెలీదు. తీసేదానికి నేను, నన్ను తీసేదెవురు? మా పెండ్లికి ఫోటోలు ల్యావు. ఉన్నింటే అదొకటే ఉండాల. చింపేసినారో, ఉండాదో," అంది. రజియా ఇప్పుడు ఆ ఆకుపచ్చ తలుపు ఇంట్లోనే, మనవరాళ్లతో ఉంటోందట.

"వెళ్లి అడగొచ్చు కదా ఆపా?"

"అదొకటే నేను చేయలేను మ్మా," అంది.

అందరినీ ఎదురుగా నిలబడి అడగమని నాకు నేర్పిన మనిషి ఒక తలుపు ముందు గొడుగు చాటు చేసుకోవడం నాకు వింతగా తోచింది. ఆ రోజు హాస్టలుకి వచ్చాక, ఆమె కూడా బియ్యం మూటల వెనక కూర్చున్నదే అని డైరీలో రాసుకున్నాను.

చలికాలం పోతుండగా ఆపా చెప్పింది, కడపకు వెళ్లిపోతున్నానని. మోకాళ్లు పనికి రాకుండా పోయాయి, ఉంటున్న మిద్దెగది ఇంటివాళ్లు ఖాళీ చేయమన్నారు, కడపలో చెల్లెలు రమ్మంటోంది. "రంజాను లోపల పోతా. ఆడ కూడా సందులుండాయి గానీ, నాకి ఆ సందుల్లో ఎవురూ తెలీదు. ఏం చూపిస్తా నేను?" అంది. ఆ వారమంతా ఆఫీసులో తప్పుల మీద తప్పులు చేశాను. ఆమె వెళ్లిపోతే ఆ ఫోటో సంగతి ఆ తలుపు వెనకే ఉండిపోతుంది. ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు. అడిగే మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషి బస్సులో టికెట్టు కూడా వేలితో అడుగుతుంది.

ఆఖరి ఆదివారం నడకకు ఆపా ఆలస్యంగా వచ్చింది. మోకాలికి పట్టీ కట్టుకుని మెల్లగా నడుస్తోంది. ఆకుపచ్చ తలుపు సందులోకి తిరిగాక ఎప్పటిలాగే గొడుగు తెరిచింది.

"ఆపా, రవ్వంతసేపు ఈడనే నిలబడండి," అన్నాను. ఆమె మాటతీరు నా నోట్లోకి ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు.

"యాడికి పోతాండావు? ఏయ్, వద్దు మ్మా. వద్దంటాండా గదా."

కెమెరా మెడలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. సందులో ఎండ ఒక పక్కకే పడుతోంది. కడప బండ మెట్టు సగం నీడలో ఉంది, సగం ఎండలో ఉంది. చెప్పులు కింద వదిలి ఎండ పడే వైపు ఎక్కి, తలుపు తట్టాను. అరికాళ్ల కింద బండ అప్పటికే వేడెక్కి ఉంది. పారిపోవాలనిపించింది. చేతులకు పిండితో ఒకామె తలుపు తీసింది. కోడలై ఉంటుంది.

"నా పేరు విజయ. మాది బద్వేలు," అన్నాను. గొంతు నాది కానట్టు పలికింది. "మీ ఇంట్లో పాత పెళ్లి ఆల్బం..."

"ఏమీ వద్దమ్మా, మాకి," అని ఆమె తలుపు వేయబోయింది. నేనేదో అమ్మడానికి వచ్చాననుకుంది.

"అమ్మేదానికి కాదండీ. ఆ ఆల్బంలో ఒక చెడిపోయిన ఫోటో ఉందేమో అడగడానికి వచ్చాను. అద్దంలో పెళ్లికొడుకు బదులు ఫోటో తీసినామె పడిన ఫోటో."

కోడలు తలుపు సగంలో ఆపేసింది. లోపలి నుంచి ముసలి గొంతు, "ఎవురది? ఆ ఫోటో అడిగేదెవురు?" అంది. చేతిలో జపమాలతో ఒక లావుపాటి ముసలామె గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది, నా భుజం మీదుగా సందు చివర తెరిచిన గొడుగుని చూసింది. గొడుగు కింద తెల్ల బూట్లు కనబడుతున్నాయి.

"షమీమ్," అని కేక వేసింది. "ఈ సందులోనే తిరుగుతా, ఇన్నేండ్లు గొడుగు అడ్డం పెట్టుకోని పోతావు గదే. వాన ల్యాని ఊర్లో గొడుగు యాలని నా కోడలు గూడా అడిగె. లోపలికి రా."

ఇద్దరూ ఉర్దూలో మొదలుపెట్టి, నన్ను చూసి తెలుగులోకి వచ్చారు. రజియమ్మ బీరువా తెరిచి, చీరల కింద నుంచి ఆల్బం తీసింది. అప్పుడే వచ్చింది ఆ వాసన. ఆమె పేజీలు తిప్పుతుంటే షమీమ్ ఆపా ఆల్బం వైపు చూడకుండా గోడ మీది గడియారం వైపు చూస్తోంది. చివరి పేజీలో, మూలలకు జిగురు పూసి విడిగా అంటించిన చిన్న నలుపు తెలుపు ఫోటో ఒకటి ఉంది.

"అమ్మ చింపమన్నది నిజమే. అత్తగారింటికి వచ్చేటప్పుడు నేను రవికలో పెట్టుకోని తెచ్చుకున్యా," అంది రజియమ్మ.

ఫోటో అంచుల్లో దుప్పట్టా జరీ మసకగా ఉంది. మధ్యలో అద్దం, ఒక మూల ఫ్లాష్ వెలుగు తెల్లటి మచ్చలా పడింది. ఆ మచ్చ పక్కన ఇరవై ఏళ్ల పిల్ల. సగం మొహాన్ని కెమెరా కప్పేసింది. మిగిలిన సగంలో గట్టిగా మూసుకున్న ఎడమ కన్ను, ముక్కుపుడక, పళ్ల మధ్య నుంచి బయటికొచ్చిన నాలుక కొస.

"ఇది ఎందుకు దాచుకున్నారమ్మా?" అని నేనే అడిగాను.

రజియమ్మ ఆపా వైపు తిరిగి చెప్పింది. "ఆ పొద్దు నాకి శానా భయం. అద్దంలో చూడు చూడు అని అందరూ ఒకటే పోరు. కండ్లు ఎత్తలేకపోయినా. ఆఖరికి ఎత్తితే ముందు కనపడింది ఈమె. ఒక కన్ను మూసి, నాలిక బయట పెట్టుకోని. నాకి నవ్వొచ్చె. నవ్వినాంక భయం పాయ. అప్పుడు ఆయన మొగం చూసినా." ఫోటో మీద వేలితో తట్టి, "తనని చూసే నవ్వినాననుకుండె ఆయన. పాపం, సచ్చేదాకా అదే అనుకుండె," అంది.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. షమీమ్ ఆపా ఫోటోను చేత్తో ముట్టుకోలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని, ముక్కు పేజీకి తగిలేంత దగ్గరగా వంగి చూసింది. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది.

"చూడు. దాక్కునేది నీకొక్కదానికే వచ్చనుకున్యావు," అంది.

తీసుకుపొమ్మంది రజియమ్మ. జిగురు దగ్గర గోటితో లేపబోయింది కూడా. ఆపా ఆమె చెయ్యి ఆపింది. పోనీ ఫోన్‌లో తీసుకోండి అంది కోడలు. నా చెయ్యి సంచిలోకి వెళ్లింది. ఆపా నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. "వద్దు మ్మా. అత్తగారింటికి పంపిన బిడ్డని ఎనక్కి పిల్చుకపోతారా? సుఖంగా ఉండాదని చూసినా, అంతే సాలు." ఇంకొకరైతే అంత కష్టపడి తలుపు తట్టింది ఇందుకా అని నొచ్చుకునేవారేమో. నేను ఫోన్‌ను సంచిలో వదిలేశాను. తిరిగొచ్చేటప్పుడు సందులో ఎండ నిండుగా ఉంది. ఆపా గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ, ఆ తలుపు వైపు రెండు మూడుసార్లు తిరిగి చూస్తూ నడిచింది.

ఆమె కడప వెళ్లాక ఫోన్‌లు కూడా పెద్దగా లేవు. నాకు ఫోన్‌లో మాట్లాడడం ఇప్పటికీ రాదు, ఆమెకు మెసేజ్‌లు పెట్టడం విసుగు. రెండు వానాకాలాలు గడిచాక ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసి, పెద్దమ్మ నిద్రలోనే పోయిందని చెప్పింది. నాకు కడపకు బదిలీ అయింది ఆ తర్వాతే. ఆమె చెల్లెలి ఇంటికి ఒకసారి వెళ్లాను. తలుపు తట్టే ముందు నాకు తెలియకుండానే ఎండ పడే పక్కకు జరిగి నిలబడ్డాను. ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా అంతే. ఆఫీసులో కొత్త మేనేజరు గదిలోకి వెళ్లినా, ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్లినా, ముందు వెలుతురు ఎటు ఉందో చూసుకుని, అది నా మొహం మీద పడేటట్టు నిలబడతాను. పేరు చెప్తాను, ఊరు చెప్తాను. భయం పోలేదు. కానీ టికెట్టు నోటితోనే అడుగుతున్నాను. కెమెరా ఇప్పటికీ ఉంది. బజ్జీల బండి ఆమె ఫోటో, తుంగభద్ర బండల మీద బట్టలుతికే వాళ్ల ఫోటోలు, అన్నీ అడిగి తీసినవే, పెట్టెలో ఉన్నాయి. షమీమ్ ఆపా ఫోటో మాత్రం నా దగ్గర ఒక్కటి కూడా లేదు. మీకు చూపించలేను. అందుకే ఇదంతా రాశాను.

ఆమె కర్నూలు విడిచి వెళ్లిన రోజు బస్టాండుకు నేనే వెళ్లాను. సామాను ఏమంత లేదు, ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట, గొడుగు. కడప బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి కిందికి దిగాను. డ్రైవరు ఎక్కి హారన్ కొట్టాడు. కిటికీ చువ్వల వెనక ఆమె మొహం మీద పొద్దుటి ఎండ పడుతోంది. ఇన్ని నెలల్లో ఈమె ఫోటో తీయాలని నాకు తోచనే లేదని అప్పుడు తట్టింది. ఎండకు ఎదురుగా జరిగి, కిటికీ కింద నిలబడి, "ఆపా, మిమ్మల్ని ఒక ఫోటో తీసుకోనా?" అని అడిగాను. గొంతు గట్టిగానే వచ్చింది, చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. ఆమె మొహమంతా విప్పారింది. బురఖా అంచు సర్దుకుని, ముక్కుపుడక తుడుచుకుని, నిటారుగా కూర్చుంది. నేను సంచిలో కెమెరా కోసం వెతుకుతుండగానే బస్సు వెనక్కి కదిలింది. నేను పక్కనే పరిగెత్తాను. ఆమె చువ్వల్లోంచి చెయ్యి బయటికి పెట్టి, వద్దు, ఆగమన్నట్టు ఊపుతూ, నవ్వుతూ చెప్పింది.

"అడిగినావు గదా మ్మా. నాకి ఫోటో దిగినట్లే."